ముందు సొమ్ము, తర్వాత జట్టా?

జాతీయ జట్టులో చోటు కావాలంటే ముందుగా ప్రయాణ ఖర్చంతా జమ చేయాలి. ఇప్పటిదాకా పట్టిన పెద్ద చేపల ఫోటోలు మూడు దరఖాస్తుకు జత చేయాలి. విదేశంలో జరిగే చేపలవేట పోటీకి జట్టును పంపుతామంటూ ఈ వారం బెంగళూరులో గాలం పట్టేవాళ్ల చేతికి వచ్చిన ప్రకటన సారాంశం ఇదే. ఎంపిక పోటీ ఏ చెరువు మీద, ఎన్ని రౌండ్లు, తూకం ఎవరు వేస్తారు, పాయింట్లు ఎలా లెక్కిస్తారు అన్న వివరాలు అందులో ఎంత వెతికినా కనబడవు. దేశం పేరున్న జెర్సీని సొమ్ము కట్టినవాళ్లకు అప్పగించే ఈ పద్ధతిని మేము ఒప్పుకోం. ఒక్కసారి ఇది ఆనవాయితీ అయిందంటే వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు.

నిర్వాహకుల వాదన తెలిసిందే. ప్రభుత్వం పైసా ఇవ్వదు, స్పాన్సర్లు రారు, సొంత డబ్బుతో వెళ్లేవాళ్లు లేకపోతే ఆ గట్టు మీద భారత్ పేరే ఉండదు అంటారు. ఇబ్బంది నిజమే. దానికి నిధులు వెతకాలి గానీ అర్హతను వేలం వేయకూడదు.

అసలు ఈ పోటీ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లెవరూ ఫోటోలు అడగరు. 1952లో రోమ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య సిప్స్ నీడన జరిగే ఫ్లోట్ (నీటిపై తేలే బెండుతో వేట), ఫీడర్ (లైనుకు కట్టిన చిన్న మేత బుట్టతో అడుగున వేట) పోటీల లెక్క ఇది: జట్టుకు ఐదుగురు, ఒక రిజర్వు. గట్టును ఐదు సెక్టర్లుగా విడగొడతారు. ఒక్కో దేశం నుంచి ఒక్కో సెక్టర్లో ఒక్కరే కూర్చుంటారు. గట్టు పొడవునా నంబర్లు వేసిన చోట్లు ఉంటాయి, వాటిని పెగ్ అంటారు. ఎవరికి ఏ పెగ్ అన్నది చీటీ తీసి తేలుస్తారు. ఒంటి గాలమే వాడాలి. పడిన చేపలను బతికుండగానే నీళ్లలోని వలసంచిలో ఉంచి, చివర్లో తూకం వేసి వదిలేస్తారు. సెక్టర్లో అందరికన్నా ఎక్కువ బరువు చూపినవారికి 1 పాయింటు, రెండోవారికి 2, ఇరవయ్యోవారికి 20. ఐదుగురి పాయింట్లు కూడినప్పుడు ఏ దేశానిది తక్కువైతే ఆ దేశానిదే గెలుపు. ఒక్క చేపా పడనివాళ్లు సెక్టర్ అడుగున మిగిలిన స్థానాల పాయింట్లను సమంగా పంచుకుంటారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక జట్టులో ముగ్గురు మహా వేటగాళ్లు 1, 1, 2 స్థానాల్లో నిలిచారు. మిగతా ఇద్దరికి ఎర ముట్టిన చేపే లేక 17, 19 వచ్చాయి. మొత్తం 40. ఇంకో జట్టులో ఎవరూ మొదటి మూడు స్థానాల్లో లేరు, 4, 5, 6, 5, 4 తెచ్చుకున్నారు. మొత్తం 24. పతకం ఈ రెండో జట్టుకే దగ్గర. ఏ నీళ్లలోనైనా, ఏ పెగ్ పడినా సంచి ఖాళీగా లేపనివారు కావాలి ఈ ఆటకు. ఆ గుణం ఫోటోలో కనిపించదు. 1946లో కబిని నదిలో డివెట్ వాన్ ఇంగెన్ పట్టిన 120 పౌండ్ల మాసీర్ అనే పెద్ద నది చేప ఫోటోను ఈనాటికీ కళ్లప్పగించి చూస్తాం. సెక్టర్ పోటీలో ఆ చేపకైనా దక్కేది మొదటి స్థానం ఒక్కటే. పక్క సెక్టర్లో సహచరుడికి వచ్చిన 19ని అది చెరపలేదు.

పైగా ఆ ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి? కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమకళి శిబిరాలు నడిచిన రోజుల్లో అక్కడి అద్దె, గైడు ఖర్చు భరించగలిగినవాళ్ల దగ్గర. అక్కడి అభయారణ్యంలో గాలం వేయడం ఆగిపోయింది. అది ఆగడం మీద మాకు ఫిర్యాదు లేదు, ఆ నదిలోని హంప్‌బ్యాక్ మాసీర్‌ను 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. కానీ ఇప్పుడు గాలం పట్టిన కుర్రాడికి అలాంటి ఫోటో తీసుకునే దారి లేదు. అంటే సొమ్ము షరతు ఒక గేటు, ఫోటో షరతు రెండో గేటు. రెండింటికీ తాళంచెవి ఒక్కటే.

బయట నిలబడేది ఎవరో కూడా చెప్పుకోవాలి. హొసకోటె చెరువు మీదో, కోలారు చుట్టుపక్కల చెరువుల మీదో ఆదివారం తెల్లారకముందే చేరే మన తెలుగు కుర్రాళ్లు. కుప్పం, కేజీఎఫ్, బంగారుపేట, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ ఆటో నడిపేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, డెలివరీ పనివాళ్లు. తవుడు, వేరుశనగ చెక్క, రాగిపిండి ఏ పాళ్లలో కలిపితే ముద్ద నీళ్లలో పడగానే చెదిరిపోకుండా అడుగుకు చేరి మెల్లగా కరుగుతుందో చేత్తో పట్టి చెప్పగలరు. ఫీడర్ వేటలో సగం విద్య ఇదే. ముద్ద గట్టిదైతే వాసన పాకదు, చేప రాదు. మెత్తనైతే నీటి పైపొరలోనే విడిపోయి జిలేబీ చేపల గుంపును పైకి లాగుతుంది, అడుగున తిరిగే బంగారుతీగ దగ్గరికే రాదు.

వాళ్లకు నేర్పాల్సింది లేదని మేము అనడం లేదు. ముద్ద చుట్టూ ఆరేడు గాలాలు గుచ్చే చెరువు అలవాటు మానుకోవాలి. 0.35 మిల్లీమీటర్ల లైను వదిలి, గాలానికి ముందుండే 0.10 సన్నని తీగ, అంటే లీడరుకు, 18, 20 నంబరు చిన్న గాలం కట్టడం రావాలి. అరచేతిలో పట్టే చేపల్ని నిమిషానికి ఒకటి చొప్పున గంటల తరబడి తీయడం రావాలి. ఇంగ్లండ్ తరఫున బాబ్ నడ్ నాలుగుసార్లు, అలన్ స్కాట్‌హార్న్ ఐదుసార్లు వ్యక్తిగత ప్రపంచ విజేతలైంది ఇలాంటి విద్యతోనే. ఇవన్నీ సాధనతో వచ్చేవి. బ్యాంకు నిల్వతో వచ్చేవి కావు. ఎంపిక పోటీ అంటూ ఒకటి పెడితేనే కదా ఎవరికి వచ్చో ఎవరికి రాదో తెలిసేది?

ఆ పోటీ పెట్టడం అంత కష్టమూ కాదు. కనీసం నాలుగు రౌండ్లు, రెండు వేర్వేరు చెరువుల మీద జరగాలి. ఒక్క రౌండుతో తేల్చకూడదు. ఎందుకంటే వరుసకు చివరి పెగ్‌లో కూర్చున్నవారికి ఒకవైపు పోటీదారు ఉండరు, అటునుంచి తిరిగే చేపంతా వాళ్ల మేత మీదికే వస్తుంది. చీటీలో చివరి పెగ్ తగిలిన సగటు వేటగాడు మధ్యలో ఇరుక్కున్న మంచి వేటగాణ్ని ఆరోజుకు దాటేస్తాడు. అందుకే పది మందికి మించని చిన్న సెక్టర్లు చేయాలి, ప్రతి రౌండుకూ చీటీలు మళ్లీ తీయాలి, ఒక్కొక్కరి అతి చెడ్డ రౌండును లెక్కలోంచి తీసేయాలి. ఒంటి గాలం నిబంధన ఇక్కడే మొదలుకావాలి. తూకం రాసే మనిషి పోటీలో ఉన్నవారి బంధువో క్లబ్బు మిత్రుడో కాకూడదు. ప్రతి రౌండు బరువులూ ఆ సాయంత్రమే అందరికీ కనబడేలా పెట్టాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం పెడితే వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గి వలసంచిలోని చేపలు చచ్చిపోతాయి, కాబట్టి పొద్దెక్కేలోపు తూకం ముగించాలి. చెరువు గుత్తేదారు, మత్స్యశాఖ అనుమతి కాగితం ముందే చేతిలో ఉండాలి. ఇంతే. దీనికి కావలసింది కాస్త ఓపిక, ఒక నమ్మకమైన తూకం కాటా, కొన్ని ఆదివారాలు.

ఇక డబ్బు. విమాన టికెట్, బస, కారు అద్దె అందరికీ తెలిసినవే. తెలియనివి వేరే ఉన్నాయి. యూరప్‌లో పోటీ అయితే షెంజెన్ వీసా రుసుమే 90 యూరోలు, దానితో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్లు. పదమూడు మీటర్ల పోల్, అంటే రీలు లేని పొడవాటి గాలం కర్ర, ముక్కలు పట్టే పొడవాటి గొట్టానికి విమానంలో విడిగా సామాను ఛార్జీ. పురుగుల ఎర ఇక్కడి నుంచి పట్టుకెళ్లలేరు, అక్కడే కొనాలి. శని, ఆదివారాల పోటీకి ముందు వారమంతా అధికారిక సాధన ఉంటుంది. ఆ రోజుల్లో ఆ నీటి లోతు, ప్రవాహం, ఏ రంగు మేతకు చేప వస్తుందో తేల్చుకోని జట్టు శనివారం ఉదయమే ఓడిపోయినట్టు. సొంత డబ్బుతో వెళ్లేవాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి మొదట కోసేది ఈ సాధన రోజులనే. అలా వెళ్లి అడుగు స్థానంలో నిలిచి, మనవాళ్లకు ఈ ఆట రాదని మాట తెస్తారు.

అన్నిటికన్నా చెడ్డది ఇంకొకటి. ఆరుగురిలో ఐదుగురే కూర్చుంటారని చెప్పుకున్నాం. సాధన వారం ముగిశాక ఎవరిని రిజర్వులో పెట్టాలో కెప్టెన్ నిర్ణయించాలి. ఆరుగురూ సమానంగా లక్షలు కట్టి వచ్చినప్పుడు ఆ కెప్టెన్ ఎవరిని పక్కన పెట్టగలడు? చేయి కుదరడం లేదని తెలిసినా కూర్చోబెట్టక తప్పదు, లేదా వంతులు వేయాలి. సొమ్ము తీసుకున్న రోజే ఎంపిక అధికారం చేజారిపోయింది. ఈ ఏడాది కట్టినవాళ్లు వచ్చే ఏడాది అనుభవం ఉందంటూ మళ్లీ ముందు వరుసలో నిలబడతారు. ఆపై ఏడాది వాళ్లే ఎంపిక సంఘంలో కూర్చుంటారు. ఆనవాయితీ అని మేము భయపడేది దీన్నే.

గుర్తింపు కోసం తిరుగుతున్నవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. క్రీడల మంత్రిత్వ శాఖ గుర్తించిన జాతీయ సమాఖ్యల జాబితాలో చేపలవేట లేదు. అందుకే సమాఖ్యలకిచ్చే సాయం రాదు. కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూలు గ్రామీణ, జాతీయ గుర్తింపు గల, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల శిక్షణకు సామాజిక బాధ్యత నిధులు ఖర్చు చేయనిస్తుంది. సగటు లాభంలో రెండు శాతం ఇలా ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు ఈ నగరంలో వీధికొకటి ఉన్నాయి. గుర్తింపు లేకపోతే ఆ తలుపు తట్టడం కష్టం. 2025 క్రీడా పరిపాలన చట్టంతో గుర్తింపు ఇచ్చే పని జాతీయ క్రీడా మండలికి వచ్చింది. రేపు ఆ మండలి ముందు ఏ కాగితాలు పెడతారు? నాలుగు రౌండ్ల తూకం పట్టికలా, జమ రసీదులా? రసీదులు చూపి క్రీడ అని పిలిపించుకోగలమని ఎవరైనా అనుకుంటే వాళ్లు ఈ ఆటకు చేస్తున్నది ద్రోహం.

గుర్తింపు వచ్చేదాకా కూర్చోమని మేము అనడం లేదు. ముందు ఎంపిక, తర్వాత చందా. ఆరుగురి పేర్లు, వాళ్ల పాయింట్లు ప్రకటించి, ఆ పేర్ల మీద నిధులు అడగండి. క్లబ్బులు ఎంట్రీ రుసుములో ఒక వాటా జట్టు నిధికి వేయాలి. రాడ్లు, రీళ్లు అమ్మే దుకాణాలు సామానైనా ఇవ్వగలవు. నగరంలో ఇన్ని తెలుగు సంఘాలు ఉగాదికి వేదికలు కడుతున్నాయి, ఒక డెలివరీ కుర్రాడి విమాన టికెట్ వాటికి బరువు కాదు. వచ్చిన ప్రతి రూపాయికీ, పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క బయట పెట్టండి. ఆరుగురికి చాలకపోతే ఈ ఏడాది వెళ్లకండి. ఖాళీగా ఉన్న పెగ్ అవమానం కాదు, కొనుక్కున్న పెగ్ అవమానం.

ప్రకటన ఇచ్చినవాళ్లు దాన్ని వెంటనే ఉపసంహరించుకోవాలి. ఇప్పటికే కట్టించుకున్న సొమ్ము కోత లేకుండా వెనక్కి ఇవ్వాలి. అది చేతకాకపోతే వెళ్లండి, మీ సొంత విహారయాత్రగా వెళ్లండి, చేపలు పట్టుకుని రండి. జెర్సీ మీద దేశం పేరు మాత్రం రాసుకోకండి. అది మీరు కొన్నది కాదు.