సవరణ: సైలెన్సర్ గురించి నిన్న రాసినదానికి

నిన్నటి పోస్టులో సినిమాల్లో తుపాకీకి తగిలించే సైలెన్సర్ 'ఫట్' అనడం అబద్ధమని, నిజంగా తగ్గేది 20 నుంచి 35 డెసిబెల్సేనని (శబ్దాన్ని కొలిచే లెక్క) రాశాను. "తుపాకీ మోత 160 డెసిబెల్స్‌లో 30 పోతే ఐదో వంతు కూడా కాదు, మరి ఎందుకు తగిలించుకోవడం?" అని చాలామంది అడిగారు కాబట్టి ఆ 'తగ్గేది ఇంతే' అన్న మాట తీసేస్తున్నా.

డెసిబెల్స్ మామూలు తీసివేత లెక్క కాదండీ. 30 తగ్గిందంటే శబ్ద తీవ్రత వెయ్యో వంతుకు పడిపోయినట్టు. కాల్చేవాడి చెవులకు అది పెద్ద ఊరటే, కానీ మిగిలిన 130 డెసిబెల్స్‌తో పక్క గదిలో కాపలావాడు గుర్రుపెట్టి నిద్రపోతాడంటే నేను నమ్మను.

పైగా సైలెన్సర్ అణిచేది గొట్టం చివర ఒక్కసారిగా ఎగదన్నే గ్యాస్ మోతనే. బుల్లెట్ సెకనుకు సుమారు 340 మీటర్లు దాటి, అంటే ధ్వనిని మించి పోతుంటే, దారి పొడవునా పుట్టే ఆ 'ఠప్'ని అది ఏమీ చేయలేదు. మామూలు రివాల్వర్‌లో అయితే తూటాలుండే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచే గ్యాస్ బయటికి కొడుతుంది. మన విలన్లు మాత్రం ఏరికోరి దానికే తగిలిస్తారు!

దూరం సంగతి నిన్న వదిలేశాను. నేవీ డే విన్యాసాలు చూడ్డానికి ఆర్కే బీచ్‌లో నిలబడ్డ వైజాగ్ వాళ్లకి ఇది తెలిసే ఉంటుంది, కిలోమీటరు అవతల ఏదైనా పేలితే మెరుపు కనిపించిన దాదాపు 3 సెకన్లకి గానీ మోత వినపడదు. సినిమాలో రెండూ ఒకేసారి. హీరో స్నైపర్ మోత విని తల వంచేస్తాడు కూడా, రైఫిల్ బుల్లెట్ ఆ మోత కంటే ముందే వచ్చేస్తుంది కదా.