ఎవా ట్వెడ్‌బర్గ్‌ను నేటి స్కోరుతో కొలవొద్దు

ఒలింపిక్ పతకం లేదు కాబట్టి బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఎవా ట్వెడ్‌బర్గ్‌ది చిన్న కెరీర్ అని ఒక వ్యాసం అంది, ఆ మాట సరికాదు. ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ పతకాలు 1992లో గానీ మొదలుకాలేదు, ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా 1977లోనే వచ్చింది. అప్పట్లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీయే అన్నిటికన్నా పెద్దది. ఈ స్వీడన్ అమ్మాయి దాన్ని 1968లో, 1971లో గెలిచింది. 1967లో అక్కడే పదో సింగిల్స్ టైటిల్ గెలిచిన జూడీ హాష్‌మన్ తర్వాతి చాంపియన్ ఈవిడే!

అప్పట్లో మహిళల సింగిల్స్‌లో గేమ్ 11 పాయింట్లే. అయినా తేలిక కాదు. సర్వీస్ చేతిలో ఉంటేనే పాయింటు వచ్చేది. ప్రత్యర్థి సర్వీస్‌లో ర్యాలీ గెలిస్తే సర్వీస్ మాత్రమే దక్కేది, స్కోరు కదిలేది కాదు. 9-9 అయితే, ముందుగా 9కి చేరినవారు గేమ్‌ను ఇంకో 3 పాయింట్లకు పొడిగించే వీలుండేది. అందుకే ఆనాటి 11-8ని, ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చే నేటి 21-18 పక్కన పెట్టి పోలిస్తే లెక్క తప్పుతుంది.