రెండంగుళాల తగవు

బెంగళూరు మారతహళ్ళి వైపు పాత అపార్ట్‌మెంట్లలో టెన్నిస్ కోర్టు చరిత్రంతా నేల మీదే చదువుకోవచ్చు. తెల్ల గీతలు బిల్డరు నాటివి. నీలం గీతలు పికిల్‌బాల్ (చిన్న బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) వచ్చాక గీసినవి. ఎంత కడిగినా పోని ఆ ఎర్ర మరక ఏదో సంక్రాంతి ముగ్గుల పోటీది.

గీతలతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నెట్టుతోనే. మధ్యలో టెన్నిస్‌కి 36 అంగుళాలుండాలి, పికిల్‌బాల్‌కి 34. టేపు కూడా అక్కర్లేదు. 27 అంగుళాల రాకెట్‌ని నిలువుగా నిలబెట్టి, దాని మీద ఇంకో రాకెట్ తల అడ్డంగా పెడితే దాదాపు 36. బి బ్లాక్ బాబాయిగారు పొద్దున్నే ఆరింటికి ఇలా కొలిచి నెట్టు ఎత్తుతారు. ఎనిమిదింటికి సి బ్లాక్ పిన్నిగారి జట్టు, నెట్టుని మధ్యలో కిందికి పట్టి ఉంచే పట్టీ లాగి దించుతుంది. ఆ మాటకొస్తే నెట్టు దిగడం కొత్తేం కాదు. 1877లో, మొదటి వింబుల్డన్‌లో, స్తంభాల దగ్గర 5 అడుగులుండేది, ఇప్పుడు మూడున్నరే. ఈ సంగతి బాబాయిగారి చెవిన వేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయనతో చిక్కల్లా ఒకటే. పట్టీ వదులు చేయకుండానే, నెట్టు పైతీగని బిగించే స్తంభం హ్యాండిల్ తిప్పుతారు. స్తంభాల మధ్య 42 అడుగులు, తీగ మధ్యలో దిగేది 6 అంగుళాలు. అంత తిన్నగా ఉన్న తీగని పట్టీ పది కిలోల బలంతో కిందికి లాగితే, తీగలో బిగువు 210 కిలోలు దాకా పోతుంది. బాల్కనీ తీగ మీద తడి దుప్పటి వేస్తే గోడ మేకు ఊడొచ్చేది ఇందుకే. ముందు పట్టీ విప్పాలి. మధ్యలో 38, 40 దాకా బిగించాలి. ఆ తర్వాతే పట్టీతో 36కి దించాలి.

ఆ శనివారం పట్టీ బిగువుగానే ఉంది. వాచ్‌మన్ "సాకు సార్, సాకు" అని కన్నడంలో మొత్తుకుంటున్నాడు, ఇక చాలని. బాబాయిగారికది తెలుగులో వినిపించింది. "సాకులు చెప్పకు, ఇంకొక్క చుట్టు!"

స్తంభం పైన కప్పీ మీద తీగ వంగే చోట, ప్లాస్టిక్ తొడుగు లోపల, ఎన్నాళ్ళ నుంచో తుప్పు. పైకి కనపడదు. ఠంగుమని తెగింది. బలమంతా పెట్టిన బాబాయిగారు హ్యాండిల్‌తో పాటే గిర్రున తిరిగి, పిన్నిగారి కాఫీ ఫ్లాస్కు పక్కన కూలబడ్డారు. ఫ్లాస్కుకేం కాలేదు. పిన్నిగారు ముందు చూసుకుంది దాన్నే.

కొత్త తీగ వచ్చేదాకా ఎవరిదో బట్టలారేసే నైలాన్ తాడు కట్టారు. నైలాన్ సాగుతుంది. సాయంత్రానికి నెట్టు 31కి దిగింది. బాబాయిగారి సర్వీసులన్నీ లోపలే పడ్డాయి, ఒక్క డబుల్ ఫాల్టూ లేదు. రాకెట్లు రెండూ చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. ఆయన కొలవలేదు.