ఏడాది అధ్యక్షుడు, పదేళ్ల ప్లాంటు

జూలై మొదటి రెండు వారాల్లో ఏ జిల్లా ఎడిషన్ తిరగేసినా ఒకటే వార్త. ఫలానా ఊరి రోటరీ క్లబ్ నూతన కార్యవర్గం ప్రమాణ స్వీకారం, ఫలానా లయన్స్ క్లబ్ అధ్యక్షుడిగా ఫలానా రైసు మిల్లు యజమాని. ఫొటోలో మెడలో అధ్యక్ష పదవికి గుర్తైన కాలర్, భుజాల మీద శాలువా, వెనక ఫ్లెక్సీ. ఈ ఏడాది సేవా కార్యక్రమాలు మరింత విస్తృతం చేస్తామని కింద ఒక ప్రకటన. వాళ్ల చిత్తశుద్ధి మీద నాకు అనుమానం లేదు. ఇబ్బందల్లా ఆ ఏడాది గడువుతోనే.

రోటరీకైనా లయన్స్‌కైనా సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అధ్యక్షుడి పదవి ఆ ఒక్క ఏడాదికే. కుర్చీ ఒకరికే అతుక్కుపోకుండా చూసే ఏర్పాటు ఇది, ఆ మేరకు మెచ్చుకోవాలి. మన దగ్గర ఒకే కుటుంబం ముప్పయ్యేళ్లు వదలని ట్రస్టులు, కుల సంఘాలు ఎన్ని లేవు? కానీ పన్నెండు నెలల్లో అనుకుని, చందాలు పోగేసి, ప్రారంభోత్సవం చేసి, గవర్నర్ (రాష్ట్ర గవర్నర్ కాదు, క్లబ్బుల జిల్లాకు పెద్ద) విజిట్ నాటికి చూపించగలిగే పనులు ఏముంటాయి? కుట్టు మిషన్లు, మూడు చక్రాల సైకిళ్లు, దుప్పట్లు, నోటు పుస్తకాలు, బడికి బెంచీలు, బస్టాండులో చలివేంద్రం. కాస్త పెద్ద దాత దొరికితే ఆర్వో వాటర్ ప్లాంటు. చిన్న పట్టణాల క్లబ్బులు వీటి చుట్టూనే తిరుగుతున్నాయంటే అందుకు కారణం ఆలోచన లేకపోవడం కాదు, వ్యవధి లేకపోవడం.

ఆర్వో ప్లాంటునే తీసుకోండి. రేకుల షెడ్డు, నీలం రంగు ట్యాంకు, గోడకు నల్లరాతి ఫలకం. ఫలకం మీద దాత పేరు, ఆయన తల్లిదండ్రుల జ్ఞాపకార్థం అన్న మాట, క్లబ్బు చిహ్నం, ప్రారంభించిన ఎమ్మెల్యే పేరు, తేదీ. మొదటి ఏడాది భేషుగ్గా నడుస్తుంది. ఇరవై లీటర్ల క్యాను ఐదు రూపాయలు, పొద్దున్నే సైకిళ్ల వరుస. ఆ తర్వాత అసలు ఖర్చులు మొదలవుతాయి. కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు కొన్ని నెలలకోసారి మార్చాలి. నీటిని శుద్ధి చేసే పొర, అదే మెంబ్రేన్, నీటిని బట్టి రెండు మూడేళ్లు వస్తుంది. మోటారు కాలుతుంది, కరెంటు బిల్లు ఆగదు, క్యాన్లు పట్టే మనిషికి జీతం ఇవ్వాలి. క్యానుకు వచ్చే ఐదు రూపాయలను వేరే ఖాతాలో వేసి దాచిన చోట ప్లాంటు బతుకుతోంది. అలా దాచని చోట మూడో ఏడు తాళం పడుతుంది. అప్పటికి దాన్ని పెట్టించినాయన మాజీ అధ్యక్షుడు. ఇంకొకరి ఫలకం వెనక మెంబ్రేన్ మార్చడానికి కొత్తాయనకు ఉత్సాహం ఎందుకుంటుంది? మరికాస్త డబ్బు కలిపి పక్క వార్డులో కొత్తది పెడితే కొత్త ఫలకం వస్తుంది.

అవే క్లబ్బుల చేతిలో ఏళ్ల తరబడి చక్కగా నడిచేది ఒకటుంది: భౌతికకాయం ఉంచే ఫ్రీజర్ బాక్సు. ఇంట్లో పెద్దాయన రాత్రి రెండింటికి కన్నుమూస్తాడు. కొడుకు డాలస్ నుంచో, కూతురు బెంగళూరు నుంచో రావాలి. అంతవరకు ఉంచాలంటే బాక్సు కావాలి. ఊళ్లో అందరికీ తెలిసిన ఫోన్ నంబరు ఒకటి ఉంటుంది. మెడికల్ షాపు నడిపే క్లబ్బు సభ్యుడో, ఎరువుల కొట్టు ఆసామో ఫోనెత్తుతాడు, తాళం తీస్తాడు, ట్రాలీ ఆటో ఎక్కిస్తాడు. రిజిస్టరులో ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది రాసుకుంటాడు. ఉన్నవాళ్ల దగ్గర నామమాత్రపు రుసుము, లేనివాళ్లకు ఉచితం. కంప్రెసర్ చెడిపోతే ఆ రాత్రే వీధంతా తెలుస్తుంది గనుక బాగు చేయించక తప్పదు. అధ్యక్షులు మారినా ఆ తాళం చెవి చేయి మారదు. అక్కడ ఫొటో దిగే వీలు లేదు, ప్రెస్ నోటు ఇచ్చే సందర్భమూ కాదు. సేవ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ రిజిస్టరు చూపిస్తాను.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా డబ్బులో లేదు. ప్లాంటుకు దాత ఉన్నాడు, బాధ్యుడు లేడు. బాక్సుకు దాత ఎవరో ఊరు మరిచిపోయి ఉంటుంది, బాధ్యుడు మాత్రం అందరికీ తెలుసు.

రక్తదాన శిబిరాలకూ ఈ తేదీల జబ్బే పట్టుకుంది. నాయకుడి పుట్టినరోజున 'మెగా' శిబిరం పెట్టి ఒకే రోజు మూడు నాలుగు వందల మంది చేత రక్తం ఇప్పిస్తారు. ఎర్ర రక్తకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులు. ఆ రోజు ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, ఆడవాళ్లయితే 120. ఒక్క రోజున ఊళ్లోని దాతలందరినీ వాడేసుకుంటే రెండో నెలలో అవసరమైనవాడు ఎవర్ని అడగాలి? తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాళ్లకు పుట్టినరోజులతో పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తే బ్లడ్ బ్యాంకులు దాతల కోసం ఫోన్లు తిప్పుతుంటాయి. అదే నాలుగు వందల మందిని నెలకు ముప్పై నలభై మంది చొప్పున పిలిచే జాబితా తయారు చేయడానికి ఖర్చేమీ లేదు. కానీ ముప్పై మందితో 'మెగా' బ్యానరు కట్టలేం కదా.

కంటి శిబిరాల కథ కొంచెం వేరు. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ సదస్సులో మాట్లాడి అంధుల పక్షాన నిలవమని కోరినప్పటి నుంచి కంటి వైద్యం వాళ్ల గుర్తుగా నిలిచిపోయింది. ప్రభుత్వ వైద్యం అందని రోజుల్లో మన ఊళ్లలో శుక్లాల ఆపరేషన్లకు ఈ శిబిరాలే దిక్కు. ఇప్పుడు పరిస్థితి అది కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో ప్రభుత్వమే ఊరూరా పరీక్షలు చేసి కళ్లద్దాలిచ్చింది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పల్లెల్లో విజన్ సెంటర్లు నడుపుతోంది. అలాంటప్పుడు క్లబ్బు ఇంకో పరీక్షా శిబిరం పెట్టినందువల్ల కొత్తగా ఒరిగేది తక్కువ. మిగిలిపోయిన పని వేరే ఉంది. ఆపరేషన్ అవసరమని చీటీ రాయించుకున్న ముసలమ్మ ఆస్పత్రి దాకా వెళ్లదు. తోడు లేదు, బస్సు మారాలి, వారం రోజులు చుక్కల మందు వేసేవాళ్లు లేరు. కారున్న సభ్యుడు నెలకు రెండుసార్లు అలాంటి ఇద్దరిని తీసుకెళ్లి తీసుకొస్తే చాలు. శిబిరానికొచ్చిన 500 మందిలో ఆపరేషన్ దాకా వెళ్లినవారెందరన్నది ఏ ప్రెస్ నోటులోనూ చూసినట్టు గుర్తు లేదు.

ఇక డబ్బు సంగతి. సభ్యులు కట్టే చందాలో చాలా భాగం సమావేశాలకు, జిల్లాకు (అంటే పలు క్లబ్బులు కలిసిన విభాగానికి), అంతర్జాతీయ సంస్థకు పోతుంది. సేవకు డబ్బు దాతల నుంచో, ఫౌండేషన్ గ్రాంట్ల నుంచో, ఈమధ్య కంపెనీల సామాజిక బాధ్యత నిధి (సీఎస్ఆర్) నుంచో రావాలి. రోటరీ ఫౌండేషన్ ఆలోచన 1917లో అప్పటి రోటరీ అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్‌ది. దానికి అందిన తొలి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఇప్పుడు సభ్యులిచ్చే వార్షిక నిధిని మూడేళ్లు మదుపులో ఉంచి, దాదాపు సగం తిరిగి ఆ జిల్లా చేతికే ఇస్తారు. అందులోంచి చిన్న పనులకు డిస్ట్రిక్ట్ గ్రాంట్లు, పెద్ద పనులకు గ్లోబల్ గ్రాంట్లు. గ్లోబల్ గ్రాంటుకు పథకం మొత్తం ఖర్చు కనీసం 30 వేల డాలర్లుండాలి, అంటే పాతిక లక్షల రూపాయల పైమాట. వేరే దేశపు క్లబ్బు భాగస్వామిగా ఉండాలి. ఈ అవసరం ఊరివాళ్లు చెప్పిందేనా, గ్రాంటు అయిపోయాక ఎవరు నడుపుతారు, ఫలితం ఎలా కొలుస్తారు అన్న ప్రశ్నలకు జవాబు రాయాలి.

ప్రశ్నలు నూటికి నూరుపాళ్లు సరైనవి. వాటికి ఇంగ్లిష్‌లో జవాబు రాయగలిగే మనుషులు, విదేశీ భాగస్వామిని వెతుక్కునే పరిచయాలు హైదరాబాద్, విశాఖ, విజయవాడ క్లబ్బులకుంటాయి. మండల కేంద్రంలోని క్లబ్బుకు కావలసింది బాలికల హైస్కూల్లో మూడు లక్షల రూపాయలతో మరుగుదొడ్లు. ఆ లెక్క గ్లోబల్ గ్రాంటు గడప కూడా తొక్కదు, స్థానిక దాతతోనే పని జరగాలి. దాత ప్రశ్నలు వేయడు. నీళ్ల కనెక్షన్ ఎవరిస్తారు, రోజూ కడిగే ఆయమ్మకు జీతం ఎవరిస్తారు అని అడగకుండానే గోడలు లేస్తాయి. పాతిక లక్షలకు వేసే ప్రశ్నలు మూడు లక్షలకూ వేసుకోవచ్చు. అందుకు అమెరికాలోని రోటరీ ప్రధాన కార్యాలయం అనుమతి అక్కర్లేదు.

అమెరికాలోని మన ఊరివాళ్ల డబ్బుకు కూడా ఒక మెలిక ఉంది, చాలా క్లబ్బులు దాన్ని ఆలస్యంగా తెలుసుకుంటాయి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తమ్ముడు పంపితే అవుతుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందామంటే, 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. ఇక్కడి వ్యాపారుల సంగతి చూస్తే, రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానంలోకి వెళ్లినవారికైతే అసలే లేదు. రసీదు మీద పన్ను మినహాయింపు అని అచ్చేసి చందా అడిగే రోజులు పోతున్నాయి. ఇకమీద పని చూపించే అడగాలి.

ఏడాది గడువున్న సంస్థ దీర్ఘకాలపు పని చేయలేదా అంటే, చేసింది. రోటరీ వాళ్ల పోలియో నిర్మూలన కార్యక్రమం పోలియోప్లస్ 1985లో మొదలైంది. ప్రపంచాధ్యక్షులు ఏటా మారుతూనే ఉన్నారు, కార్యక్రమం మారలేదు. 2009లో కూడా మన దేశంలో 741 కేసులు వచ్చాయి. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. టీకా, సిబ్బంది, భారం అంతా ప్రధానంగా ప్రభుత్వానిదే, ఘనతంతా రోటరీకి కట్టబెట్టడం సరికాదు. కానీ ఉత్తరప్రదేశ్‌లో చుక్కలు వద్దన్న కుటుంబాలను ఒప్పించడానికి ముస్లిం మతపెద్దలతో కమిటీ కట్టింది రోటరీయే. మన ఊళ్లలో 'నిండు జీవితానికి రెండు చుక్కలు' ఆదివారాల్లో బూత్ దగ్గర కూర్చున్నవాళ్లలో, సోమవారం ఏఎన్ఎంతో ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో క్లబ్బు సభ్యులూ ఉన్నారు. కొత్త అధ్యక్షుడు వచ్చి 'పోలియో పాతదైంది, నేను వేరేది మొదలుపెడతా' అనే వీలు అక్కడ లేదు. ఊరి స్థాయిలో ఆ కట్టుబాటు ఎందుకు కొరవడింది?

సభ్యుల సమయం గురించి ఒక మాట. రోటరీ మొదట్లో ఒక వృత్తికి ఒకరినే చేర్చుకునేది. ఆ లెక్కన క్లబ్బు హాలులో ఒక డాక్టరు, ఒక ఆడిటరు, ఒక వకీలు, ఒక సివిల్ ఇంజినీరు ఉంటారు. ఊరికి వీళ్లకంటే ఆస్తి ఏముంది? కానీ సేవా దినం నాడు నలుగురూ వరుసగా నిలబడి ఒకే దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుంటారు. దుప్పటి అందుకునే అవ్వ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఫొటోలో వెతుక్కోవాలి. ఆడిటరు నెలకో పూట కూర్చుని వితంతువుల పింఛను కాగితాలు, బ్యాంకు ఖాతాల పేర్ల తప్పులు సరిచేయిస్తే? ఇంజినీరు ఏడాదికోసారి ప్రభుత్వ బడుల పైకప్పులు చూసి రాసిస్తే? వాళ్లు డబ్బు తీసుకుని చేసే పని అదే, ఉచితంగా ఇవ్వగల అత్యంత విలువైనదీ అదే.

శాలువాలు, ఫలకాలు ఎత్తేయమని నేననను. గుడిలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబులైటు పట్టీ మీద పేరు రాయించుకునే జాతి మనది, పేరు కోసం ఇచ్చే డబ్బుతో ఎన్ని అన్నదాన సత్రాలు నడవడం లేదు! పేరు ఏ పనికి దక్కాలన్నదే తేల్చుకోవాలి. జూన్ చివర్లో పాత అధ్యక్షుడు కాలరు అప్పగించేటప్పుడు, పదేళ్లలో క్లబ్బు పెట్టిన ప్లాంట్లు, మరుగుదొడ్లు, బెంచీలు ఏ స్థితిలో ఉన్నాయో ఒక జాబితా కూడా అప్పగించాలి. ప్రతి విరాళంలో ఇంత శాతం నిర్వహణకని విడిగా ఉంచాలి, దానికి అధ్యక్షుడు కాని బాధ్యుడు ఒకరుండాలి. జిల్లా అవార్డుల నివేదికలో కార్యక్రమాలెన్ని, లబ్ధిదారులెందరు అనే గడుల పక్కన, పాతవి ఎన్ని నడుస్తున్నాయనే గడి ఒకటి చేర్చాలి. కొత్త అధ్యక్షుడి మొదటి కార్యక్రమం పాత ప్లాంటుకు మెంబ్రేన్ మార్చడమైతే, దానికీ ఎమ్మెల్యేను పిలవండి, రిబ్బను కట్టండి, పాత ఫలకం కింద ఇంకో ఫలకం పెట్టి మరమ్మతు చేయించిన దాత పేరు చెక్కించండి. జిల్లా ఎడిషన్‌లో ఆ ఫొటో వస్తే నాకేం అభ్యంతరం లేదు.