మాత్రలు పారేయడం విశ్వాసం కాదు

"రక్షణ పొందినవారికి రోగం ఉండదు, ఉంటే విశ్వాసం లేనట్టే, మందులు పారేయండి." ఎన్నిసార్లు పంపుతారు ఈ మెసేజ్? పంపేవాళ్లంతా రోజూ బైబిలు తెరిచేవాళ్లే. అదే నా బాధ.

మొదట యెషయా 53:5 చూపించారు: "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత." దానికి ముందున్న అతిక్రమాలు, దోషాలు ఎందుకు కోసేశారు? పేతురు ఇదే మాట ఎత్తి (1 పేతురు 2:24) పాపాల విషయమై చనిపోవడం గురించే చెప్పాడు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: యెషయాలో దీనికి ముందున్న వచనాన్ని (53:4) మత్తయి 8:17 శరీర రోగాలకే అన్వయించింది. స్వస్థతకు, క్రీస్తు పనికి సంబంధం లేదనేవాళ్లతో నేనూ ఏకీభవించను. కానీ దేహ విమోచన కోసం మనం ఇంకా కనిపెడుతూనే ఉన్నామని రోమా 8:23 అంటోంది.

రక్షణలోనే స్వస్థత ఉందనడానికి గ్రీకు మాట 'సోజో'ను చూపిస్తారు. దానికి రక్షించడం, బాగుచేయడం రెండర్థాలూ ఉన్నాయి, నిజమే. అయితే లూకా 7:50లో యేసు నోట ఆ మాట ("నీ విశ్వాసం నిన్ను రక్షించింది") విన్న స్త్రీకి రోగం ఉన్నట్టే లేదు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు, ఆ మాట దక్కింది తిరిగొచ్చిన ఒక్కడికే.

పౌలు తన శరీరంలో ఉందన్న ముల్లు (2 కొరింథీ 12:7) రోగం కాదంటారా? సరే, వదిలేద్దాం. తన తోటివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో రోగిగా విడిచి వచ్చింది ఎవరు? ఆ పౌలే (2 తిమోతి 4:20).

ప్రాణాలు తీసే మాట వేరే ఉంది: "ప్రార్థన అయ్యాక మందు ముట్టుకోవద్దు." టైప్ 1 షుగరున్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, లోతుగా ఎగశ్వాస, ఆపైన కోమా. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఆగకుండా ఫిట్లు రావచ్చు, ఐదు నిమిషాలు దాటితే ప్రాణం మీదికే. క్షయ కోర్సు మామూలుగా ఆరు నెలలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడు సాక్ష్యం చెప్పించి మందు మాన్పిస్తారు! మిగిలిన క్రిములు తిరగబెడతాయి, ఈసారి పాత మందుకు లొంగకపోవచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటుకోవచ్చు.

జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు దేవుడే మాట ఇచ్చాడు. అయినా పుండుకు అంజూరపు ముద్ద కట్టమన్నాడు యెషయా. మీరు పంపిన వచనమున్న గ్రంథంలోనే, 38:21లో ఉంది. చదవండి.

ఇక రోగిదే విశ్వాస లోపమనడం క్రూరత్వం. యాకోబు 5:14లో ప్రార్థన చేయాల్సింది సంఘ పెద్దలు, మంచంమీదున్న మనిషి కాదు.

నిజంగా బాగైందనిపిస్తే? ఆ పదిమంది కుష్ఠరోగులనూ యేసు యాజకుల దగ్గరికే పంపాడు. లేవీయకాండం 14 ప్రకారం యాజకుడు పాళెం వెలుపలికి వెళ్లి చూసేవాడు, తర్వాత కూడా ఏడు రోజులు గుడారం బయటే ఉంచేవారు. మీరూ మందు వేసుకుంటూనే పరీక్ష చేయించుకోండి. రిపోర్టు బాగుంటే అది మందు వల్లనో కాదో తేల్చి, మోతాదు తగ్గించాల్సింది డాక్టరే.