మోటోక్రాస్ జంప్: ఎంత దూరం ఎగిరాడో సరే, లెక్క తప్పితే ఎక్కడ పడతాడు?

మోటోక్రాస్ అంటే దిబ్బలూ జంపులూ ఉన్న మట్టి ట్రాక్ మీద జరిగే బైక్ రేస్. అది చూసేవాళ్ళలో చాలామంది చూపు టేకాఫ్ దగ్గరే ఉంటుంది, రైడర్ ఎంత ఎత్తు లేచాడు, గాల్లో బైక్‌ని ఎంత పడుకోబెట్టాడు, ఎన్ని అడుగులు దాటాడు, అదే మాట. పోస్టర్లు కూడా అలాంటి ఫోటోలతోనే వేస్తారు. కానీ దెబ్బ తగిలేది గాల్లో కాదు కదా, నేల మీద. అందుకే ఒక ట్రాక్ సేఫా కాదా అని తేల్చాలంటే నేను ముందు అడిగే ప్రశ్న ఇదే, పది అడుగులు తక్కువ పడినవాడు ఎక్కడ దిగుతాడు, పది అడుగులు ఎక్కువ ఎగిరినవాడు ఎక్కడ దిగుతాడు? దీనికి జవాబు రైడర్ దగ్గర ఉండదు, ట్రాక్ కట్టినవాడి దగ్గర ఉంటుంది.

కొంచెం లెక్క చూద్దాం, ఇంటర్ ఫిజిక్స్‌లో ప్రొజెక్టైల్ చదువుకున్నాం కదా, అదే. 30 డిగ్రీల ర్యాంప్ మీంచి గంటకి 50 కిలోమీటర్ల స్పీడ్‌తో లేచాడనుకోండి, గాలి సంగతి పక్కన పెడితే లేచిన ఎత్తుకే మళ్ళీ దిగేసరికి సుమారు 17 మీటర్లు వెళ్తాడు. 45తో లేస్తే 14 మీటర్ల లోపే, 55తో లేస్తే 20 మీటర్లు దాటేస్తాడు. అంటే స్పీడ్‌లో 5 తేడా వచ్చిందంటే పడే చోటు మూడు మీటర్ల పైనే జరిగిపోతుంది, ఎందుకంటే దూరం స్పీడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, పది శాతం స్పీడ్ తేడా అంటే దూరంలో దాదాపు ఇరవై శాతం తేడా. రేస్ మధ్యలో స్పీడోమీటర్ కూడా లేని బైక్ మీద, చేతులు బిగుసుకుపోయి, ముందోడి మట్టి గాగుల్స్ మీద పడుతుంటే ఆ 5 కిలోమీటర్లు ఎవడికి కరెక్ట్‌గా తెలుస్తుంది చెప్పండి. గేర్ ఒక్కటి సరిగా పడకపోయినా చాలు. కాబట్టి తప్పు జరుగుతుందా లేదా అనే చర్చే అనవసరం, జరుగుతుంది, ప్రతి రేస్‌లో జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నేలకి తగిలే దెబ్బ ఎంత గట్టిది అనేది రైడర్ ఎంత ఎత్తునుంచి వచ్చాడు అన్నదాని మీద మాత్రమే ఉండదు, నేల ఏ వాలులో ఉంది అన్నదాని మీద ఉంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో మాంట్ హబ్బర్డ్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ మంచు మీద స్కీ జంపుల గురించి ఇదే పని చేశారు, ల్యాండింగ్‌లో నేలకి నిటారుగా పడే వేగాన్ని మాత్రమే తీసుకుని, అది ఎంత ఎత్తునుంచి తిన్నగా చదునైన నేల మీద పడినదానికి సమానమో లెక్క కట్టడం. బైక్‌కీ అదే ఫార్ములా పనిచేస్తుంది. పైన చెప్పిన రైడర్ వెళ్ళే దారికీ ల్యాండింగ్ వాలుకీ 5 డిగ్రీలే తేడా ఉందనుకోండి, ఆ దెబ్బ పది సెంటీమీటర్ల ఎత్తునుంచి పడినంత కూడా ఉండదు, రైడర్‌కి తెలియను కూడా తెలియదు. అదే మనిషి అదే స్పీడ్‌తో చదును మీద పడితే రెండున్నర మీటర్ల ఎత్తునుంచి పడినంత. సస్పెన్షన్ 30 సెంటీమీటర్లు కుదించుకుంటుంది కాబట్టి, కాళ్ళూ చేతులూ కొంత తీసుకుంటాయి కాబట్టి ఒళ్ళు విరగకుండా బయటపడొచ్చు, లేదంటే మణికట్టు పోతుంది, మడమ పోతుంది, మరీ ఖర్మ కాలితే నడుం.

డబుల్ జంప్ సంగతి వేరే. డబుల్ అంటే రెండు మట్టి దిబ్బలు, మధ్యలో ఖాళీ. తక్కువ పడినవాడు రెండో దిబ్బ ముందు వైపు, అంటే తనకి ఎదురుగా లేచి ఉన్న ముఖం మీదకి వెళ్ళి గుద్దుకుంటాడు, దీన్నే రైడర్లు కేస్ అవ్వడం అంటారు. కిందకి 30 డిగ్రీలతో వస్తున్న బైక్, 30 డిగ్రీలతో పైకి లేచిన మట్టిని తగిలితే లెక్క 7 మీటర్లు దాటుతుంది, అంటే రెండంతస్తుల డాబా మీంచి పడ్డట్టు. ఆ ఖాళీని మట్టితో నింపేస్తే అది టేబుల్‌టాప్, తక్కువ పడినవాడు చదును మీద పడతాడు, రెండున్నర మీటర్ల దెబ్బ. జంప్ అదే, స్పీడ్ అదే, దూరం అదే, చూసేవాడికి గాల్లో లేచిన ఫోటో కూడా అదే. తేడా మొత్తం తప్పు చేసినవాడికే.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. టేబుల్‌టాప్ పెడితే భయం పోతుంది, డబుల్ ముందు స్లో చేసి దొర్లించుకుంటూ వెళ్ళేవాడు కూడా ఫుల్ థ్రాటిల్‌తో ట్రై చేస్తాడు, స్పీడ్ పెరుగుతుంది, ఎక్కువ మంది పడతారు అంటారు పాతకాలం ట్రాక్ బిల్డర్లు. నిజమే, పడేవాళ్ళ సంఖ్య పెరగొచ్చు. కానీ నాకు పడినవాళ్ళ సంఖ్య కన్నా వీల్‌చైర్‌లోకి వెళ్ళేవాళ్ళ సంఖ్య ముఖ్యం, నలుగురు మణికట్టు బెణికి లేచి వెళ్తే పర్లేదు, ఒక్కడి వెన్ను విరగకూడదు. భయాన్ని సేఫ్టీ పరికరంగా వాడటం అనేది అనుభవం ఉన్నవాడి మీద పనిచేస్తుంది, పదహారేళ్ళ కుర్రాడి మీద పనిచేయదు. ఈ ఆట ఆడేవాళ్ళలో ఆ వయసు కుర్రాళ్ళూ ఉంటారు. 1972లో లాస్ ఏంజెలెస్ కొలీజియంలో జరిగిన మొదటి పెద్ద స్టేడియం రేస్ గెలిచిన మార్టీ ట్రైప్స్ వయసు కూడా పదహారే.

తక్కువ పడటం ఒక్కటే సమస్య కాదు, ఎక్కువ ఎగరడం కూడా దారుణమే, ఎందుకంటే ల్యాండింగ్ వాలు దాటేశాక కింద ఉండేది చదునే, పడే ఎత్తు ఇంకా పెరుగుతుంది. 1995లో మేరీల్యాండ్‌లోని బడ్స్ క్రీక్ ట్రాక్ మీద అమెరికన్ రైడర్ డగ్ హెన్రీకి అదే జరిగింది, లోయలోకి దిగే జంప్ మీద మరీ దూరం వెళ్ళిపోయి కిందకొచ్చి పడ్డాడు, వెన్ను విరిగింది. ఆ మనిషే తిరిగొచ్చి 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌ని (స్టేడియం లోపల కట్టిన ట్రాక్ మీద జరిగే మోటోక్రాస్) యమహా ఫోర్ స్ట్రోక్ ప్రోటోటైప్ మీద గెలిచాడు, 1998లో వైజెడ్400ఎఫ్ మీద అమెరికా 250 ఔట్‌డోర్ టైటిల్ కూడా కొట్టాడు. ఆ బైక్ వచ్చాక ఆట మారింది. టూ స్ట్రోక్ మీద పెద్ద జంప్ దాటాలంటే పవర్‌బ్యాండ్, అంటే ఇంజన్ గట్టిగా లాగే ఆర్‌పీఎం, కరెక్ట్‌గా పట్టాలి, రన్‌అప్ కావాలి, ఫోర్ స్ట్రోక్ టార్క్‌తో కార్నర్ లోంచి బయటికొస్తూనే లేచిపోవచ్చు. జంపులు పాత కొలతల్లోనే ఉంటే బైకులు వాటిని దాటిపోతాయి, బైకుల కోసం జంపులు పెంచితే కొత్తవాళ్ళు వాటి మీద విరుగుతారు. నన్నడిగితే జంప్ పొడవు పెంచే బదులు ల్యాండింగ్ వాలు పొడవు పెంచాలి, వాలు ఎంత పొడుగుంటే తప్పుకి అంత చోటు. మిషిగన్‌లో రెడ్‌బడ్ ట్రాక్ మీద లరాకోస్ లీప్ అని సుమారు 120 అడుగుల జంప్ ఉంది, అంకె వింటే గుండె జారుతుంది కానీ అది గుట్ట ఎక్కుతూ దూకే జంప్, నేల కూడా పైకి వస్తుంది కాబట్టి కిందకి పడే ఎత్తు తగ్గుతుంది. అడుగుల్ని బట్టి ప్రమాదాన్ని కొలవకూడదు అనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకోటి, జంప్ పొద్దున్న ఒకలా సాయంత్రం ఇంకోలా ఉంటుంది. ప్రాక్టీస్‌లో నున్నగా ఉన్న ర్యాంప్ మీద మధ్యాహ్నానికి చక్రాల గాడులు పడతాయి, అంచు దగ్గర చిన్న గడ్డ లేస్తుంది, వెనక చక్రం దానికి తగిలిందా ముక్కు కిందకి వెళ్ళిపోతుంది. గాల్లో థ్రాటిల్ ఇస్తే ముక్కు లేస్తుంది, వెనక బ్రేక్ పడితే ముక్కు దిగుతుంది, రైడర్ చేతిలో ఉన్నవి దాదాపు అవే, అవి కూడా టైం ఉంటేనే. 2017లో అనహైమ్‌లో కెన్ రాక్‌సెన్ లాంటివాడు రిథమ్ సెక్షన్‌లో, అంటే వరసగా జంపులు ఉండే చోట, బైక్ నుంచి విడిపోయి ఎగిరి పడ్డాడు, ఎడమ చెయ్యి ఉంటుందో పోతుందో అన్న పరిస్థితి, ఎన్నో సర్జరీలు, మళ్ళీ సూపర్‌క్రాస్ గెలవడానికి 2020 దాకా పట్టింది. ప్రపంచంలో టాప్ రైడర్‌కే అది జరిగితే వీకెండ్ రైడర్ సంగతేంటి. అందుకే హీట్స్ (ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసులు) మధ్యలో ర్యాంప్ అంచులు మళ్ళీ చెక్కి సరిచేయడం అనేది టైం మిగిలితే చేసే పని కాకూడదు, షెడ్యూల్‌లో రాసి ఉండాలి.

నెక్ బ్రేస్, ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ లాంటివి మంచివే, వేసుకోవాలి, కానీ పడినవాడి మీదకి వెనకవాడు వచ్చి దిగితే అవేం చేస్తాయి? టేకాఫ్ మీద ఉన్నవాడికి ల్యాండింగ్ కనపడని చోట అదే అసలు భయం. ఒక్కో బ్లైండ్ జంప్‌కీ ఒక మనిషి జెండాతో నిలబడాలి, ట్రైనింగ్ ఉన్న మనిషి, ఫోన్ చూసుకునే కాలేజీ వాలంటీర్ కాదు. అమెరికా రేసుల్లో తెల్ల జెండా మీద ఎర్ర క్రాస్ చూపిస్తే జంప్ చేయకూడదు, చక్రాలు నేల మీదే ఉంచి దొర్లించుకుంటూ దాటాలి. డబుల్ మీద అలా దొర్లడం కూడా కష్టమే, టేబుల్‌టాప్ మీద చాలా ఈజీ.

మన దగ్గర ఈ చర్చ ఇప్పుడే గట్టిగా జరగాలి. 2024లో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ పుణె, అహ్మదాబాద్, బెంగళూరుల్లో జరిగింది, 450 సీసీ విదేశీ రైడర్ల నుంచి 85 సీసీ జూనియర్ల దాకా ఒకే ఈవెంట్‌లో. నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో కూడా ఫారిన్ బైకుల క్లాస్ వేరు, ఇండియన్ బైకుల క్లాస్ వేరు. 450కి సరిపోయిన గ్యాప్ మన దగ్గర మార్చి కట్టిన చిన్న బైక్‌కి ఎప్పటికీ అందదు, అందదని తెలిసీ ట్రై చేసే కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఖర్చు అంటారు ఆర్గనైజర్లు. పది మీటర్ల గ్యాప్, రెండు మీటర్ల ఎత్తు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న డబుల్‌ని పూర్తిగా నింపాలన్నా 120 ఘనపు మీటర్ల లోపు మట్టి, దిబ్బల వాలు తీసేస్తే ఇంకా తక్కువ, మహా అయితే ఓ పది పన్నెండు టిప్పర్లు, జేసీబీ ఎలాగూ గ్రౌండ్‌లోనే ఉంటుంది. ట్రాక్ మొత్తం మార్చమనట్లేదు, జూనియర్లూ కొత్తవాళ్ళూ తిరిగే లైన్‌లో డబుల్స్ నింపండి, లేదా పక్కనుంచి దొర్లించుకుని పోయేలా ఒక లేన్ వదలండి, ఎంట్రీ ఫీజు తీసుకునే ముందే ఏ జంప్ ఏ క్లాస్‌కి తెరిచి ఉంటుందో కాగితం మీద రాసి ఇవ్వండి.