ప్రపోజ్ చేశాడంటే ఏం చేసినట్టు?

‘మావాడికి చూస్తున్నామండీ’ అని ఒక తల్లి అంటే సంబంధాలు వెతుకుతున్నారని అర్థం. ‘హీ ఈజ్ సీయింగ్ సమ్‌వన్’ అని ఇక్కడ అమెరికాలో పుట్టిన చెల్లెలు అంటే ఆ వెతుకులాట అన్నయ్య తనే కానిచ్చేశాడని అర్థం. రెండు మాటల్లోనూ ఉన్నది చూపే. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో భోజనాల దగ్గర పేచీలు మొదలవుతున్నాయో! ప్రేమకు సంబంధించిన ఇంగ్లీషు మాటల్ని మనం ధారాళంగా అరువు తెచ్చుకున్నాం గాని, వాటి అసలు అర్థాల్ని అక్కడే వదిలేశాం.

అందరికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ‘ప్రపోజ్’. తెలుగులో దీనికి ‘ఐ లవ్యూ చెప్పడం’ అనే అర్థం స్థిరపడిపోయింది. కాలేజీ క్యాంటీన్లో గులాబీ చేతికిచ్చినా ప్రపోజ్ చేసినట్టే. ఇంగ్లీషులో ఒకబ్బాయి ఒకమ్మాయికి ప్రపోజ్ చేశాడంటే పెళ్లి చేసుకుంటావా అని అడిగాడని అర్థం. కాబట్టి కొత్తగా వచ్చినమ్మాయి ఆఫీసులో ‘కాలేజీలో నాకు ముగ్గురు ప్రపోజ్ చేశారు’ అని ఇంగ్లీషులో చెబితే, మూడు పెళ్లిళ్లు తప్పిపోయాయనుకుని వినేవాళ్లు పాపం అంటారు. ‘ప్రపోజ్డ్ మీ’ అనడమూ తప్పే, మధ్యలో ‘టు’ ఉండాలి. వ్యాకరణం సరిచేయబోయి ‘ప్రపోజిషన్డ్ మీ’ అన్నారో, కొంప మునిగినట్టే. పక్కలోకి రమ్మన్నాడని దానర్థం.

‘ఎఫైర్’ కూడా ఇలాంటిదే. ఫ్రెంచి మూలంలో ‘చేయవలసిన పని’ అనే అర్థముంది, అంటే మన ‘వ్యవహారం’. అయితే ఇవాళ ఇంగ్లీషులో ఎవరికైనా ఎఫైర్ ఉందంటే, ఒకరితో జంటగా ఉంటూనే చాటుగా మరొకరితో నడుపుతున్నారని. పెళ్లికాని కొడుకు ప్రేమను ‘లవ్ ఎఫైర్’ అన్న తండ్రి, తనకు తెలియకుండానే వాడి మీద నింద వేస్తున్నాడు.

‘డేట్’ పుట్టుక తెలిస్తే దాని మీద భయం కొంత తగ్గొచ్చు. రోమన్లు ఉత్తరాల్లో ‘ఫలానా చోట, ఫలానా రోజున ఇవ్వబడినది’ అని రాసేవారు. ఆ ‘ఇవ్వబడినది’ అన్న లాటిన్ మాటే తేదీ అయింది. తేదీ కాస్తా 19వ శతాబ్దం చివర అమెరికాలో ఆడామగా కలుసుకునే ఏర్పాటు అయింది, తర్వాత ఆ కలిసిన మనిషికీ అదే పేరొచ్చింది. (ఖర్జూరం డేట్‌కు దీనితో చుట్టరికం లేదు. అది గ్రీకులో ‘వేలు’ అనే మాట నుంచి వచ్చింది.) ఒక డేట్‌కు వెళ్లడం అంటే ఒక పూట కాఫీ. డేటింగ్ అంటే కొంతకాలంగా కలుస్తున్నారని. ‘ఎక్స్‌క్లూజివ్’ అంటే ఇక మరొకరి వైపు చూడబోమని ఒప్పుకున్నారని. ఎంగేజ్డ్ అంటే పెళ్లికి మాట ఇచ్చిపుచ్చుకున్నారని. ఈ నాలుగు మెట్లకూ కలిపి మనం వాడేది ‘తిరుగుతున్నాడు’ అనే ఒక్క మాట. పిల్లలు ఇంట్లో నోరు విప్పకపోవడంలో ఆశ్చర్యమేముంది?

పాత మాటల్లో రుచి ఎక్కువ. ‘కోర్ట్’ లాటిన్‌లో చుట్టూ గోడ ఉన్న ఆవరణ. రాజుగారి ఆవరణ కొలువైంది, కొలువులో తీర్పులు చెప్పడంతో న్యాయస్థానమైంది. అసలు అర్థం టెన్నిస్ కోర్టులో మిగిలిపోయింది. కొలువులో మెలిగే పద్ధతి కర్టసీ, మోకాళ్లు వంచి పెట్టే దండం కర్ట్సీ. రాజు దగ్గర ప్రాపకం కోసం చేసే ఊడిగమే అమ్మాయి మనసు కోసం చేస్తే, 16వ శతాబ్దం నుంచీ అదీ కోర్ట్ చేయడమే. మనకిది కొత్తేమీ కాదు. కొలువు, కొలుచు అనే మాటలు పక్కపక్కనే ఉన్న భాష మనది.

‘సూటర్’, అంటే పెళ్లాడమని అమ్మాయిని కోరి వచ్చేవాడు, లాటిన్‌లో వెంట వెళ్లడం నుంచి వచ్చాడు. అచ్చంగా మన వెంటపడటమే. కోర్టులో వేసే సూటు (దావా), ఒకదానికొకటి జతగా వచ్చే బట్టల సూటు, హోటల్లో వరసగా ఉండే గదుల స్వీటు అన్నీ అతని దాయాదులే. ఇంగ్లండులో పెళ్లికి మాటిచ్చి తప్పిన సూటర్ మీద పరిహారం కోరుతూ సూటు వేసే హక్కు 1970లో చేసిన చట్టంతో గాని పోలేదు. ఇప్పుడు వ్యాపారం పేజీలో సూటర్ కనిపిస్తే అది ఇంకో కంపెనీని కొనడానికి వచ్చిన కంపెనీ.

అమ్మాయి మనసు గెలవడానికి పాట్లు పడటమనే అర్థమున్న ‘వూ’ అనే మాటకు తెలుగులో ‘వరించు’ అని రాయడం మాత్రం నాకు మింగుడుపడదు. వరించడమంటే ఎంచుకోవడం. వరుడంటే ఆ అమ్మాయి ఎంచుకున్నవాడు. రుక్మిణి కృష్ణుణ్ణి వరించింది. వూ చేసేవాడు ఎంచుకోడు, తనను ఎంచుకోమని బతిమాలుకుంటాడు. అందుకే ఇంగ్లీషు పత్రికల్లో పార్టీలు ఓటర్లను వూ చేస్తుంటాయి. దాన్ని ‘ఓటర్లకు గాలం’ అని రాసే మన సబ్ ఎడిటర్‌కు భాష బాగా తెలుసు. ఓటర్లు నాయకుణ్ణి వరించడం జరిగితే ఓట్ల లెక్కింపు రోజున జరుగుతుంది.

చివరిగా మన పెళ్లి ప్రకటనల్లో కనిపించే ‘అలయన్స్ ఇన్వైటెడ్’. అమెరికన్లకు అలయన్స్ అంటే దేశాల కూటమి, అందుకే ఇక్కడి పిల్లలు చదివి నవ్వుతారు. ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ‘మ్యాచ్’ అంటే చాలు, ఎవరూ తికమక పడరు. అయితే పాతకాలపు పెద్దలు పెట్టిన మాటను మరీ అంత తీసిపారేయక్కర్లేదు. అలయన్స్‌కు లాటిన్ మూలం ‘కలిపి కట్టడం’. సంబంధంలో ఉన్నదీ ఆ బంధమే. ఇంకా నవ్వే పిల్లలకు, ఒక దేశం మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అనుకునే నేటో సైనిక కూటమినే ఉదాహరణగా చెప్పొచ్చు. మన సంబంధాల్లోనూ అంతే, ఒకరి మీద మాట పడితే మేనమామలూ బాబాయిలూ అందరూ కదిలొస్తారు.